కుడిపక్క మనిషి మింగిన మాట

మా ఐన్ రుమ్మానా ఊరి మాలూఫ్ పాటల ఉత్సవంలో, మొదలైన నాటినుంచి నేటి వరకూ, ఒక్క మాట కూడా తప్పిపోలేదు. ఈ ముక్క నేను ట్యూనిస్ నుంచి వచ్చిన పెద్దమనుషుల మొహం మీదే చెప్పాను. కాగితం ముక్క లేకుండా, ముందు బల్ల లేకుండా, తాతముత్తాతలు సముద్రం అవతలి అందలూస్ దేశం విడిచి వచ్చేటప్పుడు నోట్లో పెట్టుకుని తెచ్చిన పాటల్ని, ఎండాకాలంలో ఏటా ఒక వారం పాత సత్రం నడవలో కూర్చుని పాడతాం. మేం మొదలుపెడితే ఏటి ఒడ్డున కప్పలు నోరు మూసుకుంటాయి. ఏట్లో నీళ్లు లేక కప్పలే లేవని పక్క ఊరివాళ్లు అంటారు. వాళ్లకి పాట లేదు, పాపం, ఏదో ఒకటి అనాలి కదా.

ఉత్సవానికి పెద్ద షేక్ షాద్లీ. మీసం నల్లగా ఉన్న రోజుల్లో మేనమామ దగ్గర ఆ పీట అందుకున్నాడు. మీసం తెల్లబడి, పల్చబడి, ఉందో లేదో తెలియనంత అయినా పీట దిగలేదు. ఆయన పై స్థాయిలో గొంతెత్తితే సత్రం గోడల సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలేది. ఉత్సవం అయిన మర్నాడు ఏటా మళ్లీ వెల్ల వేయించేవాళ్లం.

ఆయన కుడిమోకాలి పక్కన మహ్రేజ్ కూర్చుంటాడు. మహ్రేజ్ వృత్తికి మంగలి. మసీదు ఎదురుగా దుకాణం, అద్దం పైన మేకుకి వేలాడే ఊద్. గడ్డాలు లేని వేళల్లో దాన్ని దించి తీగలు బిగించుకుంటూ కూర్చుంటాడు. మనవలున్న మనిషి, అయినా షేక్ అతన్ని 'అబ్బాయ్' అనే పిలుస్తాడు. ఊద్ వాయించటం సరే, అంతకన్నా పెద్ద పని ఒకటుంది అతనికి.

నూబా అంటే దండలా గుచ్చిన పాటల వరస. ఒక నూబా అయ్యేలోపు కాఫీ హోటలు వాడు టీ గ్లాసులు మూడుసార్లు కడుక్కోవాలి. అందులో ఏ పద్యం తర్వాత ఏ పద్యం వస్తుందన్నది ఆ పూట షేక్ ఇష్టం. పీట ఎక్కే ముందు ఆ వరసని కుడిపక్క మనిషి చెవిలో వేస్తాడు. మూడో మనిషికి తెలియదు. పాట మధ్యలో, బృందం చివరి పాదాన్ని తిప్పి తిప్పి పాడుతుండగా, షేక్ తల కొంచెం కుడివైపు వంచుతాడు. అప్పుడు కుడిపక్క మనిషి తర్వాతి పద్యం మొదటి మాట అందిస్తాడు. గొంతుతో కాదు, ఊపిరితో. ఆ మాట పట్టుకుని షేక్ గొంతెత్తుతాడు. ఈ వయసులో ఏం జ్ఞాపకశక్తి అని జనం ముక్కున వేలేసుకుంటారు.

ఒక్క మాట తప్పలేదని కదా నేను మొదట గొప్ప చెప్పుకున్నాను. ఏటా గంపెడు తప్పుతాయి. షేక్ షాద్లీకీ తప్పేవి, ఆయన మేనమామకి ఇంకా తప్పేవట. అందుకే కుడిపక్క మనిషిని కనిపెట్టారు మా పెద్దలు. తప్పటం తప్పు కాదు మా దగ్గర. అందించకపోవటమే తప్పు. అది ఎప్పుడూ జరగలేదు, ఆ ఒక్కసారి తప్ప.

ఆ ఏడాది ఆఖరి రోజు పొద్దున ట్యూనిస్ రేడియోవాళ్లు వచ్చారు. కాఫీ హోటలు ముందు కుర్చీ వేయించి, మైకు పట్టుకున్న ఆమె షేక్‌ని ఏవేవో అడిగింది. పక్కన ఊద్ పట్టుకుని మహ్రేజ్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన జుబ్బా, చెవి మీద మల్లెమొగ్గల గుత్తి, అన్నీ ఆ రోజు కోసమే.

"మరి వీరెవరండీ?" అంది ఆమె.

"ఇతనా?" అన్నాడు షేక్. "మా మంగలి."

అందరూ ఫక్కున నవ్వారు. షేక్ ఇంకా ఏదో అనబోయాడు, ఆ నవ్వుల్లో ఆమె మైకు వెనక్కి తీసేసుకుంది. మహ్రేజ్ కూడా నవ్వాడు. నవ్వి, చెవి మీది మల్లెల్ని తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం సత్రం కిటకిటలాడింది. గవర్నరు గారి మనిషి ముందు వరసలో కూర్చున్నాడు. నూబా సగంలో, బృందం పాదాన్ని తిప్పుతుండగా షేక్ తల కుడివైపు వంచాడు. తర్వాతి పద్యం 'వెన్నెలా' అని మొదలవుతుంది. ఆ మాట మహ్రేజ్ నాలుక మీదే ఉంది, పిప్పరమెంటు బిళ్లలా. తిప్పాడు. నమిలాడు. ఊద్ మెడకేసి చూస్తూ కూర్చున్నాడు. బృందం పాదాన్ని మరోసారి తిప్పింది. షేక్ తల ఇంకొంచెం వంచాడు, భుజం తగిలేంత. మంగలి ఏం చెబుతాడులే, అనుకున్నాడు మహ్రేజ్ లోపల. అనుకున్న మరుక్షణం చెప్పాలనిపించింది. నోరు తెరిచేసరికి బృందం ఆగిపోయింది.

ఎంతసేపో కాదు, ఓ ఊపిరి, రెండు ఊపిర్లు. కానీ అంత నిశ్శబ్దం ఆ సత్రం ఎన్నడూ వినలేదు. జంట నగారాలు వాయించే హత్తాబ్ తెలివైనవాడు. దరువు మార్చి అందరికీ వచ్చిన తేలిక పాట ఎత్తుకున్నాడు, జనం చప్పట్లతో కలిశారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. మా ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదంటే అంతకన్నా చెడ్డ కబురు ఉండదు.

మర్నాడు పొద్దున్నే షేక్ దుకాణానికి వచ్చాడు.

"అబ్బాయ్, తలుపు దగ్గరగా వెయ్యి," అన్నాడు. కూర్చుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నిన్న నువ్వందించిన మాట నాకు అందలేదురా."

మహ్రేజ్ సబ్బు నురగ కలుపుతున్నాడు. చెయ్యి ఆగింది.

"చెవి బాగానే ఉంది," అన్నాడు షేక్. "వీధి చివర గాడిద దగ్గినా వినపడుతోంది. నువ్వు చెప్పే ఉంటావు. ఎన్నేళ్లుగా చెబుతున్నావు, ఏనాడు తప్పావు కనుక. మాట చెవిలో పడి, తలలోకి పోయి, అక్కడెక్కడో జారిపోయింది. మా నాన్నకీ ఇలాగే మొదలైంది. చివరికి మా అమ్మని చూసి, ఈవిడెవరో మంచిదిలా ఉంది, ఇంటికి పంపించండి అన్నాడు."

అప్పుడు చెప్పాల్సింది. నేను అందించలేదు సీదీ, అంటే అయిపోయేది. మహ్రేజ్ నోరు తెరిచి, "మంచినీళ్లు తాగుతారా సీదీ?" అన్నాడు.

"తాగుతాను. వచ్చే ఏడు సగం పద్యం నీకే ఇస్తాను. నేను మొత్తం మర్చిపోకముందే ఇచ్చెయ్యాలి."

సగం పద్యం సంగతి మీకు చెప్పాలి. మా ఉత్సవం పీట చేతులు మారేటప్పుడు ఉపన్యాసాలుండవు, దండలుండవు. ఆఖరి రోజు దిగిపోయే షేక్ పద్యంలో సగం పాడి ఆపుతాడు. కొత్తవాడు మిగతా సగం అందుకుని ముగిస్తాడు. అంతే. ఆ క్షణం నుంచి పాతవాడు జనంలో నోరెత్తి పాడకూడదు, పెళ్లిలో కూడా. ముందు వరసలో మంచి కుర్చీ వేస్తారు, పుచ్చకాయ మొదటి ముక్క ఆయనకే ఇస్తారు. షేక్ షాద్లీ మేనమామ అలా పద్దెనిమిదేళ్లు పుచ్చకాయ తిని పోయాడు.

అంటే వచ్చే వేసవిలో మహ్రేజ్ ఆ సగం పద్యం ముగిస్తే, ముసలాయన గొంతు శాశ్వతంగా మూతపడుతుంది. ఆయన మతి బాగున్నంతకాలమూ తన మతి పోయిందనుకుంటూనే కూర్చుంటాడు. ఈలోపు నిజం చెప్పాలి. ఏడాది ఉంది కదా అనుకున్నాడు మహ్రేజ్. ఏడాది చాలా పెద్దదిగా కనిపిస్తుంది, చెప్పాల్సిన మాట చిన్నదైనప్పుడు.

కొద్దిరోజులకే భార్యకి చెప్పేశాడు. తినటం మానేశాడని వసీలా నిలదీస్తే బయటపడింది. ఆమె కుస్‌కుస్ గిన్నె మీద మూత పెట్టి, ఎదురుగా కూర్చుని, మొత్తం విని, "మంగలి అన్నందుకా?" అంది.

"అందరిముందూ అన్నాడు."

"మంగలివి కాదూ మరి? వైద్యుడివా? మా నాన్న నిన్ను చూడటానికి వచ్చినప్పుడు ఏమని చెప్పారు మీవాళ్లు? కుర్రాడు మంగలి, చెయ్యి తేలిక అన్నారు. నేను చేసుకోలేదూ?"

"అది వేరు."

"ఏం వేరు? అంత పెద్ద మాట మింగి అరిగించుకున్నవాడివి, ఈ పిడికెడు కుస్‌కుస్ దిగటం లేదా? తిను. తిని, వెళ్లి చెప్పు."

"రేపు చెబుతాను."

"రేపు శుక్రవారం. ఆయన గడ్డం రోజు. నీ దగ్గర కత్తి ఉంటుంది, ఆయన కొట్టలేడు కూడా. అంతకన్నా మంచి రోజు దొరకదు నీకు."

శుక్రవారం వెళ్లింది. ఆ తర్వాతదీ వెళ్లింది. చెప్పలేనప్పుడల్లా మహ్రేజ్ ఏదో ఒకటి పట్టుకెళ్లేవాడు. అత్తిపళ్లు పట్టుకెళ్లాడు. గొర్రెపాల జున్ను పట్టుకెళ్లాడు. దానిమ్మలు పగిలే రోజుల్లో గింజలు వొలిచి, నారింజ పూల నీళ్లు చల్లి, గిన్నెలో పట్టుకెళ్లాడు. గడ్డం గీసినందుకు ఏమీ తీసుకోవటం మానేశాడు. ఇస్తున్నకొద్దీ షేక్ కాఫీ హోటల్లో పొగడటం మొదలెట్టాడు. "కడుపున పుట్టినవాడు కూడా ఇలా చూడడు," అని పేకాట బల్లల మధ్య నిలబడి చెప్పేవాడు. ఊరంతా మహ్రేజ్‌ని చూసి తల పంకించేది. కసాయి హస్సెన్ అతనికి ఎముకలేని ముక్కలు కొట్టివ్వటం మొదలెట్టాడు. అవి కూడా మహ్రేజ్ నేరుగా షేక్ ఇంటికి మోసుకెళ్లేవాడు. అలా ఆ ఏడాది షేక్ ఇంట్లో అందరూ ఒళ్లు చేశారు, మహ్రేజ్ ఒక్కడే చిక్కిపోయాడు.

చలికాలంలో ఓ మధ్యాహ్నం షేక్ భార్య లల్లా మన్నూబియా గుమ్మంలోనే అతన్ని ఆపింది.

"నాయనా మహ్రేజ్, ఆయన పొద్దున లేవగానే ఏం చేస్తున్నాడో తెలుసా? పిల్లల పేర్లు, మనవల పేర్లు వరసగా అప్పజెప్పుకుంటున్నాడు. నా పేరు కూడా చెబుతాడు, చెప్పి నా వైపు చూస్తాడు, సరిగ్గానే చెప్పానా అని."

"సరిగ్గానే చెబుతున్నారు కదా లల్లా?"

"చెబుతున్నాడు. నగరంలో డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాం. మతి చూడటానికని గడియారం బొమ్మ వెయ్యమన్నాడు, వేశాడు. ఒంట్లో, తలలో ఏ లోటూ లేదన్నాడు ఆయన. బయటికి రాగానే ఈయనేమన్నాడో విను. డాక్టరు మంచివాడే, మన మహ్రేజ్ లాగా, నా మనసు కష్టపెట్టకుండా దాస్తున్నాడు అన్నాడు." ఆమె గొంతు తగ్గించింది. "వంటింట్లో పాడటం మానేశాడు. పెళ్లయిన నాటినుంచి ఆ గోల ఆపమని మొత్తుకున్నదాన్ని నేనే. ఇప్పుడు శనగలు ఉడికే చప్పుడు వినపడుతోంది, భయం వేస్తోంది నాయనా."

మహ్రేజ్ చేతిలో ఉన్న తేనె సీసా ఆమెకిచ్చి, లోపలికి వెళ్లకుండానే వెనక్కి వచ్చేశాడు. దారిలో మసీదు అరుగు మీద కూర్చుని, ఎవరైనా పలకరిస్తే ఏడుస్తానేమోనని, చెప్పులో రాయి ఏరుకుంటున్నట్టు నటించాడు. అది లేని రాయి, చాలాసేపు దొరకలేదు.

ఇంటికి వచ్చాక వసీలా గిన్నె ముందు పెట్టి వెళ్లిపోయింది. అప్పటికి ఆమె దెప్పటం కూడా మానేసింది. అది అతనికి ఇంకా కష్టంగా ఉంది.

వేసవి వచ్చేసింది. సత్రంలో కుర్చీలు దించారు. ఉత్సవ సంఘం అధ్యక్షుడు సీ నూరీ ఊరంతా కాగితాలు అంటించాడు, 'షేక్ షాద్లీ నుంచి షేక్ మహ్రేజ్‌కి' అని. 'షేక్ మహ్రేజ్' అన్న అక్షరాలు దుకాణం ఎదురుగోడ మీదే ఉన్నాయి. గడ్డం గీసేటప్పుడు అద్దంలో తిరగబడి కనిపించేవి. అతను తిరగబడ్డ అక్షరాలు కూడా చదవటం నేర్చుకున్నాడు.

ఆఖరి రోజు శుక్రవారమే పడింది. షేక్ పొద్దున్నే వచ్చి కుర్చీలో వాలాడు.

"నున్నగా గియ్యి. ఇవాళ్టితో నా మొహాన్ని జనం చూసేది అయిపోయింది."

మహ్రేజ్ నురగ పట్టించాడు. ఎడమ చెంప గీశాడు. కుడి చెంప దగ్గరికొచ్చి కత్తి పక్కన పెట్టేశాడు.

"ఏం, మొద్దుబారిందా?"

"సీదీ, ఆ రోజు నేను మాట అందించలేదు."

షేక్ కళ్లు మూసుకునే ఉన్నాడు. "ఏ రోజు?"

"ఆఖరి రోజు. 'వెన్నెలా' అని చెప్పాలి. నా నోట్లోనే ఉంది. పొద్దున రేడియో ఆమెతో నన్ను మంగలి అన్నారని కడుపు మండింది. చెప్పలేదు. చెప్పేలోపు పాట ఆగిపోయింది. మీ తలలో ఏమీ జారిపోలేదు సీదీ. జారిందేమైనా ఉంటే అది నాలోనే."

షేక్ కళ్లు తెరిచి అద్దంలోంచి అతన్ని చూశాడు. తర్వాత నవ్వాడు. మామూలు నవ్వు కాదు, కుర్చీ కిర్రుమనేలా, కుడి చెంప మీది నురగ ఎగిరి అద్దం మీద పడేలా నవ్వాడు. "ఓరి మంగలీ," అన్నాడు. "ఏడాది పాటు నా మనవల పేర్లన్నీ బట్టీ పెట్టించావు కదరా." నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, నెమ్మదించాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"వసీలాకి."

"నేను నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు సత్రం నిండా జనం చూశారు. నాకొక్కడికి చెబితే ఎలా సరిపోతుంది? వాళ్లకి చెప్పు. ఇవాళే, పాట మొదలు కాకముందే. ఆ తర్వాత సగం పద్యం సంగతి చూద్దాం."

మహ్రేజ్ మిగిలిన చెంప గీశాడు.  

ఆ సాయంత్రం సత్రం నడవలో చోటు లేక మెట్ల మీద, బావి గట్టు మీద కూడా కూర్చున్నారు. పెళ్లికొడుకులా తయారుచేసి మహ్రేజ్‌ని తెచ్చారు. అతను పీట దగ్గర నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్క మాట చెప్పాలన్నాడు. మా దగ్గర పాటకి ముందు మాటలుండవు. అందరూ విచిత్రంగా చూశారు.

"పోయినేడు ఈ పీట మీద షేక్ గారు ఆగిపోయారు. మీరంతా చూశారు. అది ఆయన మరుపు కాదు. నేను మాట అందించలేదు. కావాలనే అందించలేదు."

తల వంచుకున్నాడు. ఎవరైనా ఉమ్ముతారనుకున్నాడు. చెప్పు విసురుతారనుకున్నాడు. విసిరితే బాగుండుననిపించింది.

ముందు వరసలో కసాయి హస్సెన్ ముక్కు చీదాడు. "విన్నారా," అన్నాడు పక్కవాళ్లతో, తడిగొంతుతో. "గురువు మీద మచ్చ పడకూడదని తన నెత్తిన వేసుకుంటున్నాడు."

"శిష్యుడంటే అలా ఉండాలి," అన్నాడు ఇంకొకడు.

"కాదండీ," అన్నాడు మహ్రేజ్. "నిజంగానే నేనే. నాకు కోపం వచ్చింది."

"చూడు, ఇంకా కోపం అంటున్నాడు. ఈయనకి కోపం. చీమని తొక్కాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లే మనిషికి."

"హస్సెన్, నేను చెప్పేది వినవయ్యా. మాట నా నోట్లోనే ఉంది."

"ఉంటుంది నాయనా, ఉంటుంది. కూర్చో. మాకర్థమైంది."

సీ నూరీ లేచి వచ్చి అతన్ని కౌగిలించుకున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి యూయూ అని సంతోషపు కేకలు లేచాయి. ఎవరో మల్లెగుత్తి విసిరితే అది అతని జుబ్బా మడతలో పడింది. బృందంలో ఎడమవైపు, బడి పంతులమ్మ సలీహా ఒక్కతే చప్పట్లు కొట్టలేదు, మహ్రేజ్ మొహం వంకే చూస్తూ ఉంది. గోడ వారగా వసీలా నిలబడి, ఏ వైపు చూడాలో తెలియక, తల మీది ముసుగు సర్దుకుంటూ ఉండిపోయింది. మహ్రేజ్ షేక్ వైపు తిరిగాడు. చెప్పాను సీదీ, వాళ్లు తీసుకోవటం లేదు, అన్నట్టు చూశాడు.

షేక్ పీట మీద సర్దుకుని కూర్చున్నాడు. హత్తాబ్ దరువు అందుకున్నాడు. షేక్ సగం పద్యం ఎత్తుకున్నాడు.

"తోట గోడ దాటి వచ్చిన గాలినడిగాను..."

ఇక్కడ ఆపాలి. ఇక్కడ మహ్రేజ్ అందుకోవాలి.  షేక్ ఆపలేదు.

"...మావాళ్ల ఇంట దీపం వెలుగుతోందా అని."

పద్యం మొత్తం పాడేశాడు. ముగించేశాడు. కొత్తవాడికి మిగిల్చింది ఏమీ లేదు.

మెట్ల మీద ఒక పెద్దావిడ "అయ్యో పాపం" అంది, అందరికీ వినపడేలా. "సగంలో ఆపాలని కూడా గుర్తులేదు." ఆ జాలి నడవంతా పాకింది. సీ నూరీ మహ్రేజ్‌కి సైగ చేశాడు, ఫరవాలేదు, నువ్వు తర్వాతి పద్యం ఎత్తుకో, మేం దాన్నే లెక్కలోకి తీసుకుంటాం అని. హత్తాబ్ కూడా నగారాల మీద చెయ్యి తేలికచేసి, అతనికి దారి ఇచ్చాడు.

ఎత్తుకోవచ్చు. ఎత్తుకుంటే ఊరంతా మెచ్చుకుంటుంది. ముసలాయన మతి పోయిందన్న మాట రాయిలా గట్టిపడిపోతుంది.

మహ్రేజ్ నిలబడ్డచోటు నుంచి కిందికి దిగాడు. షేక్ కుడిమోకాలి పక్కన, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. ఊద్ ఒళ్లోకి తీసుకున్నాడు. బృందం చివరి పాదాన్ని తిప్పుతుండగా, తర్వాతి పద్యం మొదటి మాటని ఊపిరితో అందించాడు.

షేక్ తల వంచలేదు. నిటారుగా కూర్చునే పద్యం ఎత్తుకున్నాడు. సరైన పద్యమే. దాని తర్వాతదీ సరైనదే. అందిస్తూనే ఉన్నాడు మహ్రేజ్, ఒక్కటి కూడా వదలకుండా. ఒక్కదానికీ ఆయన తల కుడివైపు వంగలేదు. మూడో పాటకి జనం జాలిపడటం మర్చిపోయారు. అయిదో పాటకి కసాయి హస్సెన్ మోకాళ్ల మీద దరువేస్తున్నాడు. సున్నం రాలిందని నేను ఒట్టేసి చెప్పను గానీ, మర్నాడు వెల్ల వేసేవాడిని పిలిచారు.

పీట ఆ రాత్రి చేతులు మారలేదు. రెండు వేసవులు గడిచాక, షేక్ షాద్లీ తనంతట తానే సగం పద్యం పాడి, సరిగ్గా సగంలో ఆపి, ఎడమవైపు తిరిగాడు. సలీహా అందుకుని ముగించింది. ఊరికి ఆ పని నచ్చింది, ఆమె గొంతు అలాంటిది. కానీ మహ్రేజ్‌కి అన్యాయం జరిగిందని ఇప్పటికీ అందరూ అనుకుంటారు. షేక్‌కి కృతజ్ఞత లేదని కాఫీ హోటల్లో చెప్పుకుంటారు. అత్తిపళ్ల రోజుల్లో మహ్రేజ్ దుకాణానికి బుట్టలు వస్తాయి, పాపం ఎంత మంచివాడు అంటూ. అతను ఒక్కొక్కరికీ చెప్పి చూశాడు. చెప్పినకొద్దీ బుట్టలు పెద్దవయ్యాయి. ఇప్పుడు చెప్పటం మానేశాడు, పళ్లు వసీలా పంచిపెడుతుంది. అతను మాత్రం ఒక్కటి కూడా నోట్లో వేసుకోడు. సలీహా కుడిపక్కన కూర్చుని మాట అందిస్తున్నాడు. అవసరమైనదానికంటే ముందే అందిస్తున్నాడని, కాస్త ఆగి చెప్పమని ఆమె రెండుసార్లు కోప్పడింది కూడా.

షేక్ షాద్లీ శుక్రవారాలు ఇంట్లోనే గడ్డం గీసుకుంటున్నాడు. వంటింట్లో పాడుతున్నాడట. లల్లా మన్నూబియా మళ్లీ ఆపమంటోందట.

ఒక ముక్క మాత్రం మీకు సరిచేసి చెప్పాలి. షేక్ నవ్వాడని రాశాను కదా, నురగ అద్దం మీద పడేలా. ఆ నవ్వు నేను పెట్టింది. నా గడ్డం గీసేది కూడా మహ్రేజే, కత్తి అతని చేతిలో ఉంటుంది, కథలో ఆ ఒక్కచోటైనా అతనికి కాస్త తెరిపి ఇద్దామనిపించింది. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. జనానికి చెప్పమన్నాడు, అంతే. కుడి చెంప మహ్రేజ్ గీశాడని రాశాను గానీ, అది కూడా లేదు. షేక్ తన మెడలోని తువ్వాలు తీసుకుని, ఆ చెంప మీది నురగ తనే తుడుచుకుని, సగం గడ్డంతోనే వెళ్లిపోయాడు.